రామగుండం: పక్కపక్కనే బొగ్గు, సూర్యుడు

పెద్దపల్లి జిల్లా రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయంపై సుమారు 500 ఎకరాల మేర సౌరఫలకాలు తేలుతుంటాయి. 2022 జులై 1న పూర్తిస్థాయిలో ప్రారంభమైన ఈ 100 మెగావాట్ల కేంద్రం, నీటిపై తేలే సౌర విద్యుత్కేంద్రాల్లో అప్పటికి దేశంలోనే పెద్దది. భూసేకరణ గొడవ లేదు. పైగా జలాశయంలోని నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది, నీటి చల్లదనానికి ఫలకాలూ మెరుగ్గా పనిచేస్తాయి.

పక్కనే ఉన్న 2,600 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి సింగరేణి బొగ్గే ఆధారం. బొగ్గుతో తయారయ్యే ప్రతి యూనిట్‌కూ దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బూడిద సరేసరి.

అయితే పొద్దుగూకాక ఫలకం పనిచేయదు. 100 మెగావాట్ల కేంద్రం రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 24 లక్షల యూనిట్లు రావాలి. సౌర కేంద్రం ఇచ్చేది అందులో సుమారు ఐదో వంతే. అందుకే శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలోలా, మిగులు విద్యుత్తుతో నీటిని తిరిగి పైకి తోడి, అవసరమైనప్పుడు అదే నీటితో విద్యుత్తు ఇవ్వగల రివర్సిబుల్ టర్బైన్లు ఇప్పుడు ఎంతో విలువైనవి.

2025 జూన్‌లో దేశ స్థాపిత సామర్థ్యంలో శిలాజేతర వనరుల వాటా 50 శాతానికి చేరింది. 2030 లక్ష్యం ఐదేళ్లు ముందే నెరవేరింది. ఈ వాటాలో అణు, జల విద్యుత్తూ ఉన్నాయి. ఉత్పత్తిలో మాత్రం సింహభాగం ఇప్పటికీ బొగ్గుదే. పరీక్షలో ప్రశ్న స్థాపిత సామర్థ్యం గురించా, ఉత్పత్తి గురించా చూసుకున్నాకే జవాబు గుర్తించండి.