స్విచ్ పోర్ట్‌లో లైట్ గ్రీన్‌గానే ఉంది, మరి స్పీడ్ ఎందుకు రావట్లేదు?

ఇంట్లో వైఫై రౌటర్‌కి కేబుల్ పెట్టేస్తే పని అయిపోతుంది. కాలేజీ ల్యాబుల్లో, ఆఫీసుల్లో వాడే మేనేజ్డ్ స్విచ్‌లో మాత్రం ఒక్కో ఈథర్నెట్ పోర్ట్‌కి విడిగా సెట్టింగ్స్ ఇవ్వొచ్చు. అక్కడే చాలామంది స్పీడ్, డూప్లెక్స్ దగ్గర దెబ్బతింటారు. సిస్కో స్విచ్‌లో ఇదెలా జరుగుతుందో చూద్దాం.

ముందు 'ఎనేబుల్', తర్వాత 'కాన్ఫిగర్ టెర్మినల్', ఆ తర్వాత 'ఇంటర్‌ఫేస్ ఫాస్ట్‌ఈథర్నెట్ 0/1'. అంతే, మొదటి పోర్ట్‌లోకి వచ్చేశాం. 'డిస్క్రిప్షన్' అని కొట్టి ఆ కేబుల్ ఎక్కడికి వెళ్తోందో రాసేయండి. బద్ధకించకండి, ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు అసలు విషయం. ఫుల్ డూప్లెక్స్ అంటే రెండు వైపులా ఒకేసారి డేటా పంపుకోవచ్చు. హాఫ్ అయితే వాకీటాకీలాగా ఒకరి తర్వాత ఒకరు. ఏది వాడాలో రెండు పరికరాలూ మాట్లాడుకుని తేల్చుకోవడమే ఆటో నెగోషియేషన్. 1995లో వచ్చిన 802.3యు స్టాండర్డ్‌తోనే ఇది ఉంది.

"స్పీడ్ పక్కాగా ఉండాలి" అని కొందరు స్విచ్‌లో 'స్పీడ్ 100', 'డూప్లెక్స్ ఫుల్' అని ఫిక్స్ చేస్తారు. దాంతో స్విచ్ ఆ మాటలు ఆపేస్తుంది. అటువైపు పీసీ ఇంకా ఆటోలోనే ఉంటుంది కదా! సిగ్నల్ చూసి స్పీడ్ 100 అని కనిపెట్టగలదు గానీ, డూప్లెక్స్ తెలుసుకునే దారి లేదు. అందుకే రూల్ ప్రకారం హాఫ్ తీసుకుంటుంది. లైట్ వెలుగుతుంది, పింగ్ కూడా వెళ్తుంది. పెద్ద ఫైల్ కాపీ పెట్టగానే మాత్రం నత్తనడక. తను పంపుతుండగా స్విచ్ కూడా పంపితే, పీసీ దాన్ని కొలిజన్ అనుకుని ఫ్రేమ్‌ని మధ్యలోనే ఆపేస్తుంది. ఆ విరిగిన ఫ్రేమ్‌లు స్విచ్‌లో సీఆర్‌సీ ఎర్రర్లుగా లెక్కకొస్తాయి.

పట్టుకోవడం తేలికే. 'షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్' కొట్టండి. 'ఎ-ఫుల్' అని ఉంటే ఆటోలో కుదిరింది. ఉత్త 'ఫుల్' అంటే ఎవరో చేత్తో పెట్టారు. 'ఎ-హాఫ్' కనిపిస్తే అవతలి వైపు ఫిక్స్ చేశారేమోనని అనుమానించాల్సిందే. తర్వాత 'క్లియర్ కౌంటర్స్' ఇచ్చి, ఫైల్ కాపీ పెట్టి, 'షో ఇంటర్‌ఫేసెస్'లో సీఆర్‌సీ నంబర్ పెరుగుతోందా చూడండి. పాత నంబర్ చూసి కంగారుపడొద్దు, అది ఎప్పటిదో కావచ్చు.

పరిష్కారం: రెండు వైపులా 'స్పీడ్ ఆటో', 'డూప్లెక్స్ ఆటో'. ఏదైనా పాత పరికరానికి ఫిక్స్ చేయక తప్పకపోతే, రెండు చివర్లా ఒకేలా చేయండి. మామూలు కేబుల్ మీద నడిచే గిగాబిట్‌కైతే ఆటో తప్పనిసరి. గిగాబిట్ రావాల్సిన చోట 'ఎ-100' చూపిస్తే సెట్టింగ్స్ వదిలేసి ముందు కేబుల్ చూడండి. 100కి రెండు జతల వైర్లు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. క్రింపింగ్‌లో ఒక్క వైరు సరిగ్గా కూర్చోకపోయినా ఇలా అవ్వొచ్చు.

కమాండ్లు ప్రాక్టీస్ చేయడానికి ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. నిజమైన స్విచ్ మీదైతే, చివర్లో 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' ఇవ్వండి, లేకపోతే కరెంట్ పోయి రాగానే చేసిందంతా పోతుంది.