కొడుకుదా, కొడుకులదా?
(ఇంగ్లీషు బహువచనం, అపాస్ట్రఫీ – ఒక చిన్న పాఠం)



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఇంగ్లీషు పండితుణ్ణి కాను. కానీ జనం రాసిచ్చిన ఇంగ్లీషు ఉత్తరాలు ఏళ్ల తరబడి చదివాను గనుక, మన పిల్లలు ఎక్కడ తడబడతారో కొంత తెలుసు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. కోయంబత్తూరు, మదురైలలోని మన ఇళ్లలో ఇదే కదా పరిస్థితి! తెలుగు అక్షరాలు రాని పిల్లలకు పెద్దలు ఈ పాఠం చదివి వినిపించండి. గుర్తు ఎక్కడ పడుతుందో మాత్రం కాగితం మీద వేసి చూపించండి, ఎందుకంటే అది చెవికి వినిపించదు.

ఒకసారి కౌంటరు దగ్గర ఒక పెద్దాయన, పిల్లవాడి చేత రాయించిన ఉత్తరం ఇచ్చారు. ‘ప్లీజ్ పే మై సన్స్ డిపాజిట్ మనీ’ అని ఉంది. అపాస్ట్రఫీ ఎక్కడా లేదు. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఇద్దరి పేరనా చెరొక ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది. నేను రెండింటికీ లెక్క కట్టడం మొదలుపెట్టాను. మధ్యలో అనుమానం వచ్చి తెలుగులో అడిగాను: ‘‘అయ్యా, కొడుకుదా, కొడుకులదా?’’

‘‘పెద్దోడిది మాత్రమే సార్! చిన్నోడిది ముట్టుకోవద్దు, అది వాడి కాలేజీ ఫీజుకు’’ అన్నారాయన కంగారుగా.

అడగకపోయి ఉంటే, గడువుకు ముందే ఆ డిపాజిట్ తీసేసి ఉండేవాణ్ణి. వడ్డీ కొంత పోయేది. ఉత్తరంలో గుర్తు లేకపోవడం వారి పొరపాటు, అడగకుండా లెక్క మొదలుపెట్టడం నా పొరపాటు.

చూడండి, ఇంగ్లీషులో ఈ మూడూ ఒకేలా వినిపిస్తాయి:

కొడుకులు – సన్స్ (గుర్తు లేదు)
కొడుకు యొక్క – సన్’స్ (ఎస్‌కు ముందు గుర్తు)
కొడుకుల యొక్క – సన్స్’ (ఎస్ తర్వాత గుర్తు)

మన తెలుగులో మాత్రం మూడు మాటలూ చెవికే వేరుగా తెలుస్తాయి. తమిళంలోనూ ఈ తేడా ఉంది. కాబట్టి ఇంగ్లీషులో అనుమానం వస్తే, ముందు ఇంటి భాషలో చెప్పుకుని చూడండి.

మొదటి మెట్టు: బహువచనం సరిగా రాయడం

మామూలుగా చివర ఎస్ చేరిస్తే చాలు: బుక్, బుక్స్. మాట చివర ఎస్, ఎక్స్, ఎస్‌హెచ్, సిహెచ్ ఉంటే చాలావరకు ఇ, ఎస్ చేర్చాలి: బస్, బసెస్, బాక్స్, బాక్సెస్. హల్లు తర్వాత వై ఉంటే, వై తీసి ఐ, ఇ, ఎస్ రాయాలి: సిటీ, సిటీస్. వైకి ముందు అచ్చు ఉంటే ఎస్ ఒక్కటే: బాయ్, బాయ్స్. మ్యాన్–మెన్, ఉమన్–ఉమెన్, చైల్డ్–చిల్డ్రన్ లాంటివి కంఠతా పట్టాలి.

‘‘చాలా మంది, చాలా వస్తువులు’’ అని మాత్రమే చెప్పేటప్పుడు అపాస్ట్రఫీ వేయకూడదు. తెలుగు మాట ‘లు’ అని ముగిసి, ఎవరిదీ అన్న ప్రశ్న లేకపోతే, గుర్తు కూడా లేదు.

రెండో మెట్టు: ఎవరిది?

సొంతదారు పేరును ముందు పూర్తిగా రాయండి. ఒక్కరైతే ఏకవచనం, ఎక్కువ మందైతే బహువచనం. తర్వాత చివరి అక్షరం చూడండి. బహువచనం ఎస్‌తో ముగిస్తే గుర్తు ఒక్కటే చాలు: టీచర్స్’ రూమ్ (టీచర్ల గది). ఎస్ లేకపోతే గుర్తు వేసి ఎస్ చేర్చాలి: టీచర్’స్ పెన్ (టీచరు పెన్ను), చిల్డ్రన్’స్ బుక్స్ (పిల్లల పుస్తకాలు). చిల్డ్రన్ బహువచనమే అయినా చివర ఎస్ లేదు కదా. శ్రీనివాస్ లాంటి ఒక్కరి పేరుకు శ్రీనివాస్’స్ అని రాయవచ్చు.

ఒక జాగ్రత్త. ప్రాణం లేని వస్తువులకు ఇంగ్లీషులో ‘ఆఫ్’ వాడుక ఎక్కువ. ఇంటి తలుపు అంటే ‘ది డోర్ ఆఫ్ ది హౌస్’. అయితే కాలానికి గుర్తు వేస్తారు: వన్ మంత్’స్ నోటీస్, టూ మంత్స్’ నోటీస్.

మన ఊరి ఉదాహరణ

కోయంబత్తూరు పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు 1926లో స్థాపించిన ధర్మసంస్థ పేరు ‘పి.ఎస్.జి. అండ్ సన్స్’ ఛారిటీస్’. గుర్తు ఎస్ తర్వాత ఉంది. తండ్రీ కొడుకులూ కలిసి ఒకే సొంతదారు కాబట్టి గుర్తు చివర ఒక్కసారే వేశారు. అదే గుర్తు ఎస్‌కు ముందుకు జరిగితే, నలుగురు కొడుకులు ఒక్క కొడుకవుతారు! 1951లో ప్రారంభమైన పి.ఎస్.జి. కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ ఈ సంస్థదే.

స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు

‘ఫాదర్’స్ నేమ్’ అంటే తండ్రి పేరు. ‘పేరెంట్స్’ ఇన్‌కమ్’ అంటే తల్లి, తండ్రి ఇద్దరి ఆదాయం. తండ్రి జీతం మాత్రమే వేసి, తల్లి మిల్లు కూలి వదిలేస్తే లెక్క తప్పవుతుంది. గుర్తు అసలు లేకపోతే ఊహించి రాయకండి, ఆఫీసులో అడిగి రాయండి.

అభ్యాసం (ఇంగ్లీషులో రాయండి)

1. తిరుమల నాయకుడి మహలు (1636లో మదురైలో కట్టించినది)
2. మదురై నాయకుల పాలన
3. ఆడవాళ్ల హాస్టలు
4. మా అత్తలు వచ్చారు
5. మూడు నెలల జీతం

జవాబులు: 1. తిరుమల నాయక్’స్ ప్యాలెస్. 2. మదురై నాయక్స్’ రూల్. 3. ఉమెన్’స్ హాస్టల్. 4. ‘ఆంట్స్’ – గుర్తు లేదు. 5. త్రీ మంత్స్’ శాలరీ.

ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలకు ఇంగ్లీషు రాదేమోనని భయపడే తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆ రోజు కౌంటరు దగ్గర ఒక పిల్లవాడి ఫీజు డబ్బును కాపాడింది ఇంగ్లీషు వ్యాకరణం కాదు, మన ఇంటి ‘ల’ అక్షరమే. దాన్ని పోగొట్టుకోకండి. ఇంగ్లీషును దాని పక్కన కూర్చోబెట్టి నేర్చుకోండి.