విత్తనపు తగవు: కంపెనీ స్వేచ్ఛ, రైతు స్వేచ్ఛ

కుప్పము ప్రాంతమున రాగులును వేరుసెనగయు పండించు రైతు, కళ్లములోనే మేలైన గింజను వేరుచేసి మరుసటి కారుకు దాచుకొనుట తాతలనాటి వాడుక. కంపెనీ సంచిలోని విత్తనమును గూడ ఇట్లే దాచుకొనవచ్చునా, పొరుగువాని కీయవచ్చునా యని సంఘసభ్యులు మమ్మడుగుచున్నారు. వారి భయమునకు కారణము లేకపోలేదు. 2019లో గుజరాతున పెప్సీకో కంపెనీవారు, తాము నమోదు చేయించుకొన్న ఉర్లగడ్డ రకమును అనుమతి లేక పండించిరని నలుగురు రైతులపై దావావేసి, ఒక్కొక్కరినుండి 1 కోటి 5 లక్షల రూపాయలు కోరిరి. దేశమంతట ఆక్షేపణ రేగగా ఆ మే నెలలో దావాలను ఉపసంహరించుకొనిరి.

కంపెనీవారి వాదమును తోసివేయరాదు. క్రొత్త రకమును పుట్టించుటకు ఏండ్లు పట్టును, ధనము పట్టును. పుట్టించిన మరునాడే ఎల్లరు దాని నమ్ముకొన్నచో ఆ పనికి పూనుకొనువా రుండరు. అందుచేతనే 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము పైరు రకములకు 15 ఏండ్లు వారికి హక్కిచ్చినది. ఆ చట్టమే 39వ సెక్షనులో రైతుకును చోటిచ్చినది. రక్షణపొందిన రకమైనను తన పంటనుండి విత్తనము దాచుకొనవచ్చును, విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్మవచ్చును. కూడనిదొక్కటే: సంచిలోనో డబ్బాలోనో పోసి, ఫలానా రక్షిత రకమని చీటీ అంటించి అమ్మరాదు. పొరుగువాడడిగినపుడు నాలుగు శేర్లు మూటగట్టి యిచ్చుట తప్పుకాదు. ఆ ఉర్లగడ్డ నమోదు 2021లో రద్దయినది, ఆ రద్దును ఢిల్లీ హైకోర్టు 2024లో కొట్టివేసినది. సెక్షను మాత్రము మాఱలేదు.

హైబ్రిడ్ టమాట మాట వేఱు. గింజ దాచినను మరుసటి పైరు ఏకరీతిగా రాదు. ఇది చట్టము పెట్టిన అడ్డు కాదు, ప్రకృతి పెట్టినది. కావున ఏటేట అంగడికి పోవలయును. అక్కడ కంపెనీ చెప్పినదే ధర. ఒంటరి రైతు దానికేమి చేయగలడు? 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మోన్‌శాంటోవారి బీటీ పత్తి విత్తనపు ధరపై ఢిల్లీలోని గుత్తవ్యాపార కమీషనునెదుట పోరాడినందున, 1,600 రూపాయలకు పైబడియున్న 450 గ్రాముల పొట్లము 750కి దిగినది.

నమోదైన రకము చెప్పిన దిగుబడి నీయకున్న పరిహారము కోరు మార్గమును గూడ ఆ 39వ సెక్షనే చూపుచున్నది. అందుకు రసీదును, సంచియు, దానిమీది చీటీయు చేత నుండవలయును. మొలక రాలేదని మాయొద్దకు వచ్చినవారిలో పలువురు ఆ సంచిని అప్పటికే చింపి కోళ్లగూటికి కప్పియుండిరి.