ఫ్యాక్స్ మిషన్‌లో కాగితం పెట్టే పద్ధతి



కాగితం పెట్టడం కూడా ఒక పాఠమేనా అని మీరు నవ్వవచ్చు. మెయిల్, వాట్సాప్ వచ్చాక ఫ్యాక్స్ వాడకం బాగా తగ్గిన మాట నిజమే. అయినా కొన్ని ఆఫీసుల్లో ఆ మిషన్ ఇంకా ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారి చేతికి కాగితాలిచ్చి "ఇవి ఫ్యాక్స్ చెయ్యి" అంటారు. ఇంట్లో ఎవరూ ఆఫీసు పని చేయని మనలాంటివారికి దాన్ని ముందే చూపించేవారు ఉండరు. అందుకే ఈ పాఠం.

మిషన్‌లోకి రెండు రకాల కాగితాలు వెళతాయి. ఒకటి మనం పంపే కాగితం. రెండోది, వచ్చిన ఫ్యాక్స్ అచ్చు కావడానికి లోపల ఉంచే ఖాళీ కాగితం. రెండింటికీ దారులు వేరు.

పాత మిషన్లలో ఖాళీ కాగితం రోల్‌గా ఉంటుంది. దీన్ని థర్మల్ కాగితం అంటారు. సిరా అక్కర్లేదు. కాగితం మీది రసాయన పూత వేడి తగిలిన చోట నల్లబడి అక్షరమవుతుంది. ఏటీఎం చీటీ, బస్సులో కండక్టర్ మిషన్ నుంచి చించి ఇచ్చే టికెట్ ఈ జాతివే. పూత సాధారణంగా ఒక వైపే ఉంటుంది. ఏ వైపో తెలియకపోతే గోటితో గట్టిగా గీయండి. నల్లగీత పడిన వైపు పూత ఉన్నట్టు. ఆ వైపు వేడినిచ్చే హెడ్‌కు తగలాలి. తిరగేసి పెడితే కాగితం చక్కగానే బయటికి వస్తుంది, అక్షరం మాత్రం ఉండదు!

ట్రే ఉన్న మిషన్‌కు మామూలు ఏ4 కాగితం చాలు. కట్టను విసనకర్రలా విప్పి గాలి తగలనిచ్చి, అంచులు సమం చేసి, ట్రేలోని గీత దాటకుండా పెట్టాలి. వానాకాలం చెమ్మ పట్టిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి, వాటిని పెట్టవద్దు.

ఇక పంపే కాగితం. ముందు పిన్నులు తీసేయండి. రాత ఉన్న వైపు కిందికి పెట్టాలా, పైకి పెట్టాలా అన్నది మిషన్‌ను బట్టి ఉంటుంది. కాగితం పెట్టే చోట చిన్న బొమ్మ గుర్తు ఉంటుంది, చూడండి. నేను పి.జి. చదువుతూ సాయంత్రాలు పనిచేసిన జిరాక్స్ షాపుకు ఒక పెద్దాయన వచ్చాడు. కూతురి సర్టిఫికెట్లు ముందురోజు వేరేచోట ఫ్యాక్స్ చేయించాడట. రిపోర్టులో ఓకే అని ఉంది. అవతలివారికి చేరినవి మూడు తెల్ల కాగితాలు! గడువు ఇంకా ఒక పూట ఉండబట్టి మళ్లీ పంపగలిగాం. ఓకే అంటే లైను కలిసింది, ఇన్ని పేజీలు వెళ్లాయి అని మాత్రమే. మిషన్‌కు చదువు రాదు కదా. కనుక పంపిన వెంటనే అవతలికి ఫోన్ చేసి, చేరిందా అని కాక, మొదటి పేజీలో పేరు చదవమని అడగండి.

థర్మల్ కాగితంపై వచ్చిన ఫ్యాక్స్ కొంతకాలానికి వెలిసిపోతుంది. అదే రోజు జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌నే ఫైల్లో పెట్టండి. భద్రమని లామినేషన్ మాత్రం చేయించవద్దు, ఆ వేడికి కాగితమంతా నల్లబడుతుంది.