గోగు పైరు పూతకు వచ్చు కాలము

మే నెలాఖరున విత్తిన గోగును, జూలై నెలాఖరున విత్తిన గోగును ప్రక్క ప్రక్క చేలలో మీరు చూచియుందురు. వయస్సున రెండు నెలల తేడా ఉన్నను, పూత మాత్రము కొద్ది దినముల వ్యత్యాసముతోనే కనబడును. ముందు విత్తినది తలకు మించి పెరిగి పూయును. వెనుక విత్తినది పొట్టిగా ఉండగానే పూయును. విత్తనము మంచిది కాదనియో, ఎరువు చాలలేదనియో రైతులు తలచుచుందురు. అసలు కారణము వేరు.

గోగు ముఖ్యముగా రాత్రి నిడివిని బట్టి పూయు మొక్క. శ్రీకాకుళం ప్రాంతమున జూన్ 21 నాటికి పగలు 13 గంటలకు పైగా ఉండును. సెప్టెంబరు నెలాఖరుకు 12 గంటలకు తగ్గి, డిసెంబరు 21 నాటికి సుమారు 11 గంటలగును. రాత్రి పొడవగుటను ఆకులు గుర్తించును. అంతట ఆకు పంగలలో పూమొగ్గలు పుట్టి, కాండము ఎదుగుదల మందగించును. ఈ సంగతిని 1920లో అమెరికా శాస్త్రజ్ఞులు గార్నర్, అల్లార్డ్ అనువారు పొగాకు, సోయాచిక్కుడు పైరులపై పరిశోధించి ప్రకటించిరి. గంజాయి మొక్కకును ఇదే గుణము కలదు. గోగులో ఒక జాతికి 'కన్నాబినస్' అను పేరు వచ్చినది దాని ఆకు గంజాయి ఆకును పోలియుండుట చేతనే! ఆ జాతి త్వరగా పూచి కోతకు వచ్చును. మన జిల్లాలలో ఎక్కువగా నున్న 'సబ్దారిఫా' జాతి ఆలస్యముగా పూయును. రెండు విత్తనములు కలిసిన చేను ఒకేసారి కోతకు రాదు.

నార కాండపు బెరడునుండియే వచ్చును గనుక పూతకు ముందు పెరిగిన ఎత్తే మీ దిగుబడి. తొలకరి పడగానే, మే మధ్యనుండి జూన్ మధ్యలోగా విత్తుడు. వరుసల నడుమ 30 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 10 సెంటీమీటర్లు చాలును. ఎడమెక్కువైనచో కొమ్మలు వేసి నార చెడును. వానలు లేక జూలై దాటినచో, ఆ పొలమున నార గోగుకంటె వేరొక పైరు మేలని నా అభిప్రాయము. ఎక్కువ యూరియా వేసి ఎత్తు తెచ్చుకొందమనుట వృథా ఖర్చు. యూరియా ఆకును పెంచగలదు గాని రాత్రిని కుదించలేదు.

సగము మొక్కలు పూయగానే కోయవలెను. గింజ ముదురువరకు ఆగినచో నార మొరటుబారును, కట్టలు నీటిలో మురుగుటకు ఎక్కువ దినములు పట్టును. గింజకు వేరుగా ఒక మడి ఉంచుకొనుడు. అది ఆలస్యముగా విత్తినను, ఎడముగా విత్తినను నష్టము లేదు. కొమ్మలు వచ్చిన కొలది కాయలు హెచ్చును. ఆ మడిలో అన్నిటికంటె ముందు పూచిన మొక్కలను పీకివేయుడు. ఆ తొందర గింజలకును సంక్రమించును.

వీధి దీపము వెలుగు పడు గట్టున కొన్ని మొక్కలు పూయక ఇంకను పెరుగుచుండుట కద్దు. వానిని మేలురకమని భ్రమపడి విత్తనమునకు ఉంచకుడు. దీపము చేసిన పని గింజలోనికి రాదు.