ఆట మొదట్లో ఎంత బలం ఉండాలి?

పులి బలమైనదా, మేక బలమైనదా? అడవిలో అయితే ఈ ప్రశ్న అడగనక్కర్లేదు. కాని అరుగు మీద సుద్దముక్కతో గీసిన పులిజూదం పటం మీద జవాబు అంత తేలిక కాదు.

ఈ ఆట మీలో చాలామంది ఆడే ఉంటారు. పటంలో గీతలు కలిసే చోట్లు 23. ఒకరికి 3 పులులు, రెండోవారికి 15 మేకలు. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతపిక్కలు పెట్టుకుంటే సరిపోతుంది. పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి పులి దూకితే ఆ మేక చచ్చినట్టే. మేకకు దూకే శక్తి లేదు. పులులు కదలకుండా కట్టెయ్యటమే మేకల పని. ఇద్దరి బలాలూ మొదటినుంచీ సమానం కావు. అయినా మేకలు పట్టినవాడు కూడా గెలుస్తున్నాడు. ఇదెలా సాధ్యం?

నాలుగు దారుల కూడలి

కృష్ణా జిల్లాలో హనుమాన్ జంక్షన్ ఉంది. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు అక్కడ కలుస్తాయి. ఆ కూడలి మధ్యలో మన ఆటలోని పులి కూర్చుందనుకోండి. నాలుగు దారుల్లోనూ ఒక్కొక్క మేకను నిలబెడితే పులి ఆగుతుందా? ఆగదు. ఏ మేక వెనక ఖాళీ ఉన్నా దాని మీంచి దూకేస్తుంది. కనుక ప్రతి మేక వెనకా ఇంకో మేక ఉండాలి. అంటే 4 × 2 = 8 మేకలు కావాలి. అదే పులి రెండే దారులున్న మూలలో కూర్చుంటే 4 మేకలు చాలు.

పులి అదే పులి. అది నిలబడిన చోటు మారింది, అంతే. దీన్నిబట్టి ఆటలో ఒకరి బలాన్ని విడిగా కొలవలేమని తెలుస్తుంది. ఎదుట ఉన్న ప్రమాదం ఎంత, తప్పుకోవటానికి దారులు ఎన్ని అన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నేపాల్‌లో ఇలాంటిదే బాఘ్‌చాల్ అనే ఆట ఉంది. అందులో 4 పులులు, 20 మేకలు, 25 స్థానాలు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు దాన్ని కంప్యూటరుతో లెక్కగట్టారు. 2009లో అచ్చయిన వారి ఫలితం ప్రకారం, ఇద్దరూ ఒక్క తప్పు కూడా చెయ్యకుండా ఆడితే ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. మొదట్లో బలాలు వేరువేరుగా ఉన్నా తూకం సరిపోయిందన్నమాట.

పాచికతో ప్రాణం

ఇప్పుడు మరో రకం ఆట చూద్దాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను తయారుచేశారు. ఇందులో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు: ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు. గుహలో రాక్షసి ఎదురైతే ఏం చెయ్యాలో ఆటగాడు చెబుతాడు. ఫలితం చాలావరకు పాచిక తేలుస్తుంది. పాత్రకు ‘ప్రాణబలం’ అని ఒక అంకె ఉంటుంది. తగిలిన ప్రతి దెబ్బకూ అది తగ్గుతుంది. సున్నా అయితే పాత్ర చచ్చిపోయినట్టే.

ఆట మొదలుపెట్టే మంత్రగాడికి ప్రాణబలం ఎంత? 1974 నియమాల ప్రకారం ఆరు ముఖాల పాచిక ఒకసారి వేస్తే ఎంత పడితే అంత. శత్రువు కొట్టే మామూలు దెబ్బ కూడా అలాంటి పాచిక ఎంత చూపితే అంత. అయితే మొదటి దెబ్బకే మంత్రగాడు చచ్చిపోయే సంభావ్యత ఎంత?

రెండు పాచికలు 6 × 6 = 36 విధాలుగా పడతాయి. ప్రాణబలం 1 అయితే ఏ దెబ్బకైనా చావే. అవి 6 విధాలు. ప్రాణబలం 2 అయితే దెబ్బ 2 గాని అంతకన్న ఎక్కువ గాని పడాలి. అవి 5 విధాలు. ఇలాగే 3కు 4, 4కు 3, 5కు 2, 6కు 1. మొత్తం 6 + 5 + 4 + 3 + 2 + 1 = 21. సంభావ్యత 21/36, అంటే 7/12. నూటికి 58 పాళ్ళు!

ఇలా పోయినవాడు తెలివితక్కువవాడని అనగలమా? అనలేం. తన తెలివి చూపించే అవకాశమే అతనికి రాలేదు.

ఏడుతో మొదలుపెడితే?

పాచిక వెయ్యకుండా అందరికీ 7 ప్రాణబలం ఇచ్చామనుకోండి. ఒక దెబ్బ 6కు మించదు కనుక మొదటి దెబ్బకు ఎవరూ చావరు. రెండు దెబ్బలకు చావాలంటే రెండు పాచికల మొత్తం 7 గాని అంతకన్న ఎక్కువ గాని రావాలి. 7 రావటానికి 6 విధాలు, 8కి 5, 9కి 4, 10కి 3, 11కి 2, 12కి 1. మొత్తం మళ్ళీ 21! సంభావ్యత మళ్ళీ 7/12.

అంకె అదే కాని తేడా చాలా ఉంది. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య ఆటగాడికి ఆలోచించే వ్యవధి దొరికింది. పారిపోవచ్చు, దాక్కోవచ్చు, స్నేహితుణ్ణి పిలవచ్చు. అసలు ఆట మొదలయ్యేది అక్కడే.

అలాగని 60 ఇస్తే? చావటానికి కనీసం 10 దెబ్బలు తగలాలి. సగటు దెబ్బ 3.5 కనుక మామూలుగా 17 దెబ్బల దాకా తట్టుకోవచ్చు. అప్పుడు భయమూ ఉండదు, జాగ్రత్తా ఉండదు. ఏం చేసినా చెల్లిపోయేచోట ఆలోచించవలసిన పని లేదు.

ఇదే ఆటకు 2014లో వచ్చిన ఐదో కూర్పులో మొదటి మెట్టు మీది పాత్రకు పాచిక వెయ్యరు. దాని మీద ఉండే అతి పెద్ద అంకెనే ఇస్తారు. మంత్రగాడికి 6, కత్తివీరుడికి 10. శరీర దారుఢ్యాన్నిబట్టి వీటిలో కొంత మార్పు ఉంటుంది. ప్రాణబలం సున్నా అయినా సాధారణంగా వెంటనే చావు లేదు, స్పృహ తప్పుతుంది. తోటివాళ్ళు వచ్చి కాపాడటానికి వ్యవధి ఉంటుంది.

కనుక మన ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. మొదటి దెబ్బకు మిగలాలి, రెండో దెబ్బకు భయపడాలి. కొత్తగా వచ్చినవాడికి ఆ మాత్రం బలం ఇస్తే చాలు. మిగిలినది అతను ఆడుతూ సంపాదించుకుంటాడు.

చేసి చూడండి

ఇద్దరిద్దరు జట్టుగా కూర్చోండి. ఒకరు ప్రాణబలానికి, ఒకరు దెబ్బకు పాచిక వెయ్యండి. 36 సార్లు వేసి, ఎన్నిసార్లు చావు వచ్చిందో రాసుకోండి. సరిగ్గా 21 రాకపోతే కంగారుపడకండి. 18 రావచ్చు, 24 రావచ్చు. 20 జట్ల ఫలితాలు కలిపితే 720 సార్లు వేసినట్టు. అందులో చావులు 420కి దగ్గరగా వస్తాయి. ప్రయోగాల సంఖ్య పెరిగినకొద్దీ అదృష్టం ఆటుపోట్లు ఎలా సర్దుకుంటాయో గమనించండి.

ఆలోచించండి

1. 1974 నియమాలలో కత్తివీరుడికి పాచిక మీద పడిన అంకెకు 1 కలిపేవారు. అతను మొదటి దెబ్బకు చచ్చే సంభావ్యత 15/36 అని చూపండి.

2. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. వీటిలో ఒకటి పడితేనే కాయ దించాలని కొన్నిచోట్ల నియమం. గవ్వ రెండువైపులా సమానంగా పడుతుందనుకుంటే ఈ సంభావ్యత 2/16, అంటే 1/8. ఎనిమిదిసార్లు వేసినా కాయ దిగనివాళ్ళు మూడింట ఒక వంతు ఉంటారని లెక్క కట్టండి. వాళ్ళు ఊరికే కూర్చోకుండా మీరైతే నియమం ఎలా మారుస్తారు?

3. పులిజూదంలో 15 మేకలకు బదులు 10 మేకలతో ఆడి చూడండి. ఎవరు గెలుస్తున్నారు? ఎందుకు?