లోహ-బంధక పరివర్తన: ఆక్సైడు పలుచని పొరలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు లోహ-బంధక పరివర్తన అంటే ఏమిటో చెప్పగలుగుతారు. నిరోధం కొలతలను చూసి దానిని గుర్తించగలుగుతారు.

పదార్థాలను వాహకాలు, బంధకాలు అని విభజించడం మీకు తెలుసు. అయితే ఒకే పదార్థం ఒక ఉష్ణోగ్రత వద్ద బంధకంగా, మరొక ఉష్ణోగ్రత వద్ద వాహకంగా ఉండగలదా?

బస్తర్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కిరండోల్ నుంచి కొత్తవలస మీదుగా రైలులో విశాఖపట్నం చేరుతుంది. ఆ ఖనిజంలో ముఖ్యమైనది హెమటైట్. ఇందులోని ఇనుమంతా ఫెర్రిక్ అయాన్ల రూపంలో ఉంటుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఇది దాదాపు బంధకమే. ఇనుముకే చెందిన మరో ఆక్సైడు మాగ్నటైట్. ఇందులో ఫెర్రస్, ఫెర్రిక్ అయాన్లు పక్కపక్కనే ఉంటాయి. ఫెర్రస్ అయాన్‌లోని ఎలక్ట్రాన్ పక్కనున్న ఫెర్రిక్ అయాన్‌కు సులభంగా మారగలదు. కాబట్టి మాగ్నటైట్‌లో విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది.

మాగ్నటైట్‌ను సుమారు 120 కెల్విన్‌లకు, అంటే మైనస్ 153 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే వాహకత్వం ఒక్కసారిగా సుమారు వందో వంతుకు పడిపోతుంది. ఎలక్ట్రాన్లు అక్కడ ఒక క్రమంలో స్థిరపడిపోతాయని 1939లో డచ్ శాస్త్రవేత్త వెర్వే వివరించాడు. ఆ క్రమం ఆయన అనుకొన్నంత సరళమైనది కాదని తరువాత తేలింది.

అంత చలికి ద్రవ నత్రజని వంటిది కావాలి. వెనాడియం డై ఆక్సైడుకు ఆ ఇబ్బంది లేదు. దాని పరివర్తన సుమారు 68 డిగ్రీల సెల్సియస్ వద్దనే జరుగుతుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మోరిన్ 1959లో దీనిని ప్రకటించాడు. 68 డిగ్రీలకు దిగువన వెనాడియం పరమాణువులు జతలు జతలుగా దగ్గరవుతాయి. ఎగువన సమాన దూరాలలో ఉంటాయి. ఈ మార్పు పదే పదే జరిగితే పెద్ద స్ఫటికం పగులుతుంది. పలుచని పొర తట్టుకొంటుంది. అందుకే ప్రయోగాలలో పొరలను ఎక్కువగా వాడతారు.

పొరను చల్లబరిచేటప్పుడు నిరోధం అదే 68 డిగ్రీల వద్ద తిరిగి పెరగదు. కొన్ని డిగ్రీలు దిగువన పెరుగుతుంది. అందువల్ల వేడిచేసేటప్పుడు, చల్లబరిచేటప్పుడు రెండుసార్లూ కొలవాలి.

కొలతలో ఒక జాగ్రత్త ఉంది. పొర నిరోధం 1,00,000 ఓంల నుంచి 100 ఓంలకు తగ్గిందనుకొందాం. నేరుగా 10 వోల్టులు ఇస్తే పొరలో ఖర్చయ్యే సామర్థ్యం 1 మిల్లీవాట్ నుంచి 1 వాట్‌కు పెరుగుతుంది. పొర తన వేడితో తానే కాలిపోవచ్చు. శ్రేణిలో 10,000 ఓంల నిరోధాన్ని కలిపితే పరివర్తన తరువాత పొరలో ఖర్చయ్యేది సుమారు 0.1 మిల్లీవాట్ మాత్రమే. ఈ లెక్కను మీరే చేసి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

రెండు పొరలను వేడిచేస్తూ 60, 66, 70, 80 డిగ్రీల వద్ద నిరోధాలను కొలిచారనుకోండి.
పొర క: 50,000, 20,000, 60, 55 ఓంలు.
పొర చ: 40,000; 33,000; 29,000; 21,000 ఓంలు.
రెండింటిలోనూ నిరోధం తగ్గింది. పరివర్తన చెందినది ఏది? రెండవ దానిని ఏ రకం పదార్థం అంటారు?

జవాబు: పొర క. పొర చ నిరోధం క్రమంగా మాత్రమే తగ్గింది. అది సాధారణ అర్ధవాహకం.